చెట్టెక్కలేని కాలికి లెక్క కట్టడం

(జిల్లా న్యాయవాదుల సంఘం హాలులో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకంగా ఈ సభ జరుగుతోందో ఆయన, తన పేరు మైకులో వినపడితే లేచి బయటికి వెళ్లిపోయే మనిషి. అందుకని ఈ గంటసేపు నేనూ ఆయన్ని 'సీనియర్ గారు' అనే అంటాను. ముప్ఫై ఏళ్ల ప్రాక్టీసులో ఆయన చేసినవి ఎక్కువగా ఆక్సిడెంటు కేసులే. వాటిని చేసేవాళ్లంటే బార్‌లో చిన్నచూపు ఉన్న రోజుల్లో కూడా ఆయన ఆ పని వదల్లేదు.

ఆయన ఆఫీసు వరండాలో ఒక పద్ధతి ఉండేది. కట్టుతోనో కర్రతోనో వచ్చిన మనిషిని కాగితాలు అడగడానికి ముందు, "ఏం పని చేస్తవు? ఎట్ల చేస్తవో చూపించు" అనేవారు. ఒకసారి ఒక కల్లుగీత కార్మికుడు వచ్చాడు. చిట్యాల దాటాక హైవే మీద లారీ తగిలి ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది. రాడ్డు వేశారు, ఎముక అతికింది, నడుస్తున్నాడు. మోకాలు మాత్రం సగం కూడా మడవదు. సీనియర్ గారు వరండా స్తంభం చూపించి, "నడుముకు మోకు ఉందనుకో, ఎక్కు" అన్నారు. అతను స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. కుడికాలు ఎత్తాడు. ఎడమకాలు నేల మీదే ఉండిపోయింది. కాసేపు అట్లాగే నిలబడి, చేతులు వదిలేసి, వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. పక్కన నిలబడి రాసుకుంటున్న జూనియర్‌ని నేనే.

డాక్టరు సర్టిఫికెట్‌లో ఉన్నది ఒక్కటే ముక్క: ఎడమకాలికి 20 శాతం వైకల్యం.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆ స్తంభానికీ ఆ 20 శాతానికీ మధ్య ఉంది.

మన దగ్గరికి వచ్చే మనిషి మొట్టమొదట అడిగేది, "నాకు వస్తదా సార్?" అని. ఆ ప్రశ్నలోనే భయం ఉంటుంది. తనకు రాదేమో అనుకోవడానికి అతని దగ్గర చాలా కారణాలుంటాయి. బండి నడిపేటప్పుడు లైసెన్సు లేదు. బండి మీద ముగ్గురం ఉన్నాం. నెల జీతం లేదు, చీటీ లేదు. క్రిమినల్ కేసు కొట్టేశారు. ఆక్సిడెంటు హైదరాబాద్‌లో, మా ఊరు శ్రీకాకుళం దగ్గర. వీటిలో ఏ ఒక్కటీ అర్హతను మొత్తంగా తీసేసేది కాదు. లైసెన్సు లేకపోవడం నేరమే, దానికి వేరే శిక్ష ఉంది. కానీ ఎదుటి లారీ అడ్డంగా వచ్చి గుద్దితే, లైసెన్సు లేకపోవడం వల్ల ఆ గుద్దడం జరగలేదు కదా. బండి మీద ముగ్గురు ఉన్నంత మాత్రాన అది గాయపడ్డవాడి తప్పు కాదనీ, ఆ మూడో మనిషి ఉండటం వల్లే ప్రమాదం జరిగిందని చూపించాలనీ సుప్రీంకోర్టు 2020లో స్పష్టంగా చెప్పింది. అతని తప్పు కొంత ఉంటే, ఆ మేరకు మొత్తంలో కోత పడుతుంది, అంతే. క్రిమినల్ కోర్టులో కావలసింది సందేహానికి తావులేని రుజువు. ట్రిబ్యునల్ ముందు ఏది ఎక్కువ సంభవం అన్నదే కొలబద్ద. డ్రైవరు నిర్దోషిగా బయటపడ్డా పరిహారం రావచ్చని జస్టిస్ కృష్ణయ్యర్ 1980లోనే రాశారు. ఇక ఊరి సంగతి: ప్రమాదం జరిగిన చోటే కాదు, గాయపడ్డ మనిషి నివసించే చోటి ట్రిబ్యునల్‌లో కూడా పిటిషన్ వేయవచ్చు. వలస వెళ్లిన కూలీ తిరిగి సొంతూరు చేరాక, నెలకోసారి వాయిదాకి హైదరాబాద్ రైలెక్కనవసరం లేదు.

ఎవరూ గుద్దకుండా తన బండి మీద తానే జారిపడ్డవాడికి మాత్రం ఈ దారి లేదు. బండి యజమానే నడుపుతూ ఉండి, పాలసీలో యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా కట్టి ఉంటే, 2018 నుంచి 15 లక్షల పరిమితితో ఉన్న ఆ బీమాలో, మరణానికీ శాశ్వత వైకల్యానికీ మాత్రం, ఎంతో కొంత రావచ్చు.

తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా రోడ్డు ప్రమాదాలకు ఇచ్చే పరిహారానికి మన దేశంలో పెద్ద వయసేమీ లేదు. ఆక్సిడెంటు కేసులకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు 1956 సవరణతో వచ్చాయి. తప్పు రుజువు చేయనక్కర్లేని పరిహారం 1982లో గానీ రాలేదు. అప్పుడు మరణానికి 15 వేలు, శాశ్వత వైకల్యానికి 7,500. తర్వాత అవి 50 వేలు, 25 వేలు అయ్యాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ప్రకారం మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. వినడానికి బాగుంది. ఇక్కడే జూనియర్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 164 కింద ఆ డబ్బు పుచ్చుకున్న మనిషి 166 కింద, అంటే తప్పు రుజువు చేసి పూర్తి పరిహారం అడుగుతూ, ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్ వీగిపోతుంది. ఆసుపత్రి బిల్లుల ఒత్తిడిలో ఉన్నవాడికి చేతిలో పడే రెండున్నర లక్షలు కొండంత అండలా కనపడతాయి. అతని వయసేమిటి, పనేమిటి, ఆ గాయంతో ఆ పని మళ్లీ చేయగలడా అని ఎవరూ అడగకుండానే సంతకం అయిపోతుంది. నా మాట: ఎముక అతికి, డాక్టరు చివరి మాట చెప్పేదాకా ఆ సంతకం ఎవరి చేతా పెట్టించకండి.

గుర్తు తెలియని వాహనం గుద్దిపోతే దారి వేరు. అప్పుడు ట్రిబ్యునల్‌కి కాదు, రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టాలి; కలెక్టరు మంజూరు చేస్తారు. తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు. తక్కువే, కానీ ఆ దరఖాస్తు పెట్టేవాళ్లే తక్కువ.

ఇప్పుడు నా మనసుకు దగ్గరైన విషయానికి వస్తాను. హక్కు ఎక్కడ పోతుంది? కోర్టులో కాదు. ఆసుపత్రి క్యాజువాలిటీలో, మొదటి అరగంటలో పోతుంది.

ఇది నేను మా ఇంట్లో చూశాను. నేను లా చదువుతుండగా మా అక్క మిర్యాలగూడ వెళ్తూ ఆటో బోల్తాపడి భుజం విరగ్గొట్టుకుంది. ఆటో అబ్బాయిది మా ఊరే, మా బజారే. తెల్లముఖం వేసుకుని ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు. "కేసు పెడితే వాడి ఆటో పోతది, ఇద్దరు చిన్నపిల్లలు" అన్నారు పెద్దమనుషులు. మా నాన్న నాలుగు వేలు తీసుకుని ఊరుకున్నాడు. క్యాజువాలిటీలో ఎట్లా దెబ్బ తగిలిందని అడిగితే, "ఇంట్లో జారిపడింది" అని చెప్పాం. చెప్పింది నేనే. ఆ ఆటోకి బీమా ఉంది. పరిహారం కట్టవలసింది బీమా కంపెనీ. ఆ అబ్బాయి జేబులోంచి రూపాయి పోయేది కాదు. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు, లా చదువుతున్న నాకు కూడా. మా అక్క చెయ్యి ఈ రోజుకీ భుజం పైకి లేవదు. జడ వేసుకోవడానికి పక్కింటి పిల్లని పిలుస్తుంది.

ఇరుగు పొరుగు మీది జాలితో మనవాళ్లు ఇట్లా ఎన్ని వేల హక్కులు వదిలేసుకున్నారో! డ్రైవరు మీద కేసు అంటే డ్రైవరును దెబ్బతీయడం అనుకుంటారు. థర్డ్ పార్టీ బీమాను చట్టం తప్పనిసరి చేసిందే, గాయపడ్డవాడూ గుద్దినవాడూ ఇద్దరూ పేదవాళ్లయినప్పుడు ఒకడి కోసం రెండోవాడు నాశనం కాకూడదని. ఈ ఒక్క మాట ప్రతి ఆటో స్టాండులో, ప్రతి గ్రామసభలో చెప్పాలి.

కాగితాల సంగతి కొంచెం ఓపిగ్గా వినండి. క్యాజువాలిటీలో రాసే ఎం.ఎల్.సి. (మెడికో-లీగల్ కేసు) రిజిస్టరులో ఆ మొదటి వాక్యం, దెబ్బ ఎట్లా తగిలిందన్న వాక్యం, కేసు మొత్తానికి పునాది. అందులో 'బండి మీంచి పడ్డాడు' అని ఉంటే, మూడేళ్ల తర్వాత కంపెనీ వకీలు ముందు చదివేది దాన్నే. గుద్దిన బండి నెంబరు తెలిసి ఉంటే ఆ మొదటి కాగితంలోనే చేరాలి. తీసుకొచ్చిన మనిషి ఎవరు, 108లో వచ్చారా అన్నది రాయించాలి. 108 వాళ్ల దగ్గర వాళ్ల రికార్డు వేరే ఉంటుంది. ఆసుపత్రిలో తప్పు పడితే దాన్ని సరిదిద్దే సాక్ష్యం ఒక్కోసారి అదే. తర్వాత గాయాల సర్టిఫికెట్. అందులో గాయం పక్కన 'సాధారణ' అని ఉందా, 'తీవ్ర' అని ఉందా? ఎముక విరిగినా, కీలు తప్పినా, పన్ను ఊడినా తీవ్రమే. 15 రోజుల పాటు భరించలేని నొప్పితో ఉన్నా, రోజువారీ పని చేసుకోలేకపోయినా తీవ్రమే. పాత శిక్షాస్మృతిలో ఇది 20 రోజులు, కొత్త న్యాయ సంహితలో 15. ఎక్స్‌రే రాకముందే రాసిన 'సాధారణ' అన్న మాటను ఎక్స్‌రే వచ్చాక మార్చమని అడిగేవాళ్లు లేక ఎన్నో కేసులు కుంటుపడ్డాయి. ఈ హాలులో డాక్టర్లు కూడా ఉన్నారు. వారికి నా విన్నపం ఇది ఒక్కటే.

పోలీసుల బాధ్యత కూడా ఇప్పుడు పెరిగింది. 2022 నియమాల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి నివేదిక ట్రిబ్యునల్‌కూ బీమా కంపెనీకీ చేరాలి. అదే జరిగితే మనం సర్టిఫైడ్ కాపీల కోసం స్టేషన్ల చుట్టూ తిరిగే రోజులు పోవాలి. మరోపక్క అదే 2022 ఏప్రిల్ నుంచి, 1994లో తీసేసిన కాలపరిమితిని మళ్లీ తెచ్చారు: ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో పిటిషన్ వేయాలి. తొడ ఎముక విరిగిన మనిషి మంచం మీంచి లేచేసరికే ఆరు నెలలు. ఈ పరిమితి చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది తేలేదాకా మనం ఆగకూడదు. కట్టు విప్పకముందే వకాల్తా తీసుకోండి, వైకల్యం సర్టిఫికెట్ తర్వాత పెట్టుకోవచ్చు.

ఇక లెక్క. గీత కార్మికుడి దగ్గరికి తిరిగి వెళ్దాం.

ట్రిబ్యునల్‌లో కంపెనీ వకీలు అతన్ని అడిగాడు: "కోర్టుకి నడిచే వచ్చావు కదా?" అతను చెప్పిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నడుసుకుంటనే వచ్చిన సార్. నడుసుకుంట పోతే కల్లు రాదు, ఎక్కితెనే వస్తది." ఆ జవాబు డిపాజిషన్‌లో ఎక్కింది, తీర్పులోకి రాలేదు. సర్టిఫికెట్‌లో 20 ఉంది, నష్టం కూడా 20 అన్నారు.

మేం అప్పీలుకు వెళ్లాం. అది పెండింగులో ఉండగానే, 2010 అక్టోబరులో, జస్టిస్ రవీంద్రన్ రాసిన తీర్పు సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. ఒక అవయవానికి ఉన్న శాతం వేరు, మొత్తం శరీరానికి ఉన్న శాతం వేరు, ఆ మనిషి సంపాదన శక్తిలో పోయిన శాతం వేరు. మూడూ ఒకటేననుకోవడం పొరపాటు అన్నారు ఆయన. ఎడమచెయ్యి పోతే వైకల్యం 60 శాతం దాకా ఉండవచ్చు. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే అతని సంపాదన దాదాపు నూటికి నూరూ పోయినట్టే. ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు, అప్పుడు జీవితంలో కోల్పోయిన సుఖానికి పరిహారం కొంచెం ఎక్కువ ఇవ్వాలి. సీనియర్ గారు ఆ తీర్పు కాపీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, వరండాలోకి వెళ్లి ఆ స్తంభం పక్కన చాలాసేపు నిలబడ్డారు. ఆయన ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్నే అది: ఏం పని చేస్తవు?

ఈ తేడా రూపాయల్లో ఎంతో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. 34 ఏళ్ల గీత కార్మికుడు, నెలకు 12 వేల ఆదాయం అనుకుందాం. ఏడాదికి 1,44,000. 40 ఏళ్లలోపు సొంత వృత్తి చేసుకునేవాళ్లకు రాబోయే ఎదుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మరణం కేసుల్లోనే కాక గాయాల కేసుల్లోనూ కలపాలని కుడిచెయ్యి పోయిన ఒక టైపిస్టు కేసులో 2020లో తేల్చారు. కలిపితే 2,01,600. ఏడాది ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే గుణకం, ఆ వయసుకు సుప్రీంకోర్టు 2009 పట్టికలో 16. మొత్తం 32,25,600. ఇందులో 20 శాతం అంటే 6,45,120. చెట్టెక్కే వృత్తి పూర్తిగా పోయిందని, వేరే పని చేతకాదని రుజువైతే 32 లక్షల పైచిలుకు మొత్తం అతనిదే. ఒకే మోకాలు, ఒకే ఎక్స్‌రే. తేడా పాతిక లక్షలకు పైన. మరణం కేసుల్లోలాగ ఇందులోంచి సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేయకూడదు. మనిషి బతికే ఉన్నాడు, అతని తిండి అతను తినాలి.

ఇది ఊరికే రాదు. చికిత్స చేసిన డాక్టరు సాక్ష్యం కావాలి. ఆపరేషన్లు మానుకుని రోజంతా కోర్టు వరండాలో కూర్చోవడం వారికి కుదరదని మనకు తెలుసు. అందుకే కమిషనర్‌ని పంపి ఆసుపత్రిలోనే వాంగ్మూలం తీసుకోవచ్చని, వారికి టైము కేటాయించవచ్చని ఆ 2010 తీర్పులోనే దారి చూపారు. మన జిల్లాలో ఆ దారి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. పని సంగతి చెప్పడానికి సొసైటీ గుర్తింపు కార్డు, తోటి గీత కార్మికుడి సాక్ష్యం, మోకు, ముస్తాదు ఫొటో, ఏది దొరికితే అది పెట్టాలి. జీతం చీటీ లేనంత మాత్రాన ఆదాయం లేదనడానికి వీల్లేదు. పిటిషన్‌లో అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వడానికి కూడా ట్రిబ్యునల్‌కి అధికారం ఉంది; చట్టంలో ఉన్న మాట 'న్యాయమైన పరిహారం', అడిగిన పరిహారం అని కాదు.

మా గీత కార్మికుడికి అప్పీలులో నష్టాన్ని నూరు శాతంగానే తీసుకున్నారు. ఏడేళ్లు పట్టింది. అప్పటికి అతని పెద్దకొడుకు చదువు మానేశాడు.

ట్రాక్టర్ ట్రాలీల గురించి మాట్లాడకుండా ఈ జిల్లాలో ఆక్సిడెంటు కేసుల మీద ఉపన్యాసం పూర్తికాదు. పత్తి ఏరే రోజుల్లో తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడి చూడండి. ఒక్కో ట్రాలీలో పాతికమంది, ముప్ఫైమంది ఆడవాళ్లు, సద్ది గిన్నెలు. పత్తి బస్తాలతో లారీ క్యాబిన్‌లో కూర్చుని మార్కెట్‌కి పోయే రైతుకు, సరుకు యజమానిగా, 1994 సవరణ తర్వాత బీమా రక్షణ ఉంది. ఆ పత్తిని ఏరిన కూలీ మనిషి ట్రాలీలోంచి పడితే, ఆమె కోసం అదనపు ప్రీమియం కట్టి ఉండకపోతే, కంపెనీ బాధ్యత నుంచి తప్పుకుంటుంది. పత్తికి తోడుగా పోయేవాడికి రక్షణ ఉంది, పత్తి ఏరడానికి పోయే మనిషికి లేదు. ఇది చట్టసభ దిద్దవలసిన అన్యాయం. ఇన్నేళ్లుగా ఈ మాట అంటూనే ఉన్నాను, ఈ వేదిక మీంచి మళ్లీ అంటున్నాను.

అయితే ఒక్క సంగతి. ఆమె అర్హత పోలేదు. కంపెనీ తప్పుకుంటే యజమాని మీద అవార్డు వస్తుంది. వసూలు కష్టం, అది వేరే బాధ. ట్రాలీని వెనకనుంచి ఇంకో వాహనం గుద్ది ఉంటే, తప్పు రెండు వాహనాలదీ అయితే, ఆమె రెండింటిలో ఎవరి దగ్గరైనా మొత్తం పరిహారం అడగవచ్చు. కాబట్టి ట్రాలీ కేసు రాగానే మొదటి ప్రశ్న: ఆ రోడ్డు మీద ఇంకో బండి ఉందా?

ఇల్లు చూసుకునే ఆడవాళ్ల గురించి, 2021లో సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన పేజీలు చదవండి. ఆయన 2019 కాలవినియోగ సర్వే లెక్క ఎత్తి చూపారు: జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, మగవాళ్లు 97 నిమిషాలు. ఆ పనికి ఆదాయం కట్టడం దయాదాక్షిణ్యం కాదని, ఆ పనిని పనిగా గుర్తించడమని ఆయన వాదన. అది మరణం కేసు. గాయం కేసులో ఆ వాదన ఇంకా బలంగా నిలుస్తుంది. చెయ్యి విరిగిన ఇల్లాలు ఇంట్లోనే ఉంటుంది, ఆమె పని ఎవరో ఒకరు చేయాలి, చాలాసార్లు ఆ ఎవరో బడి మానేసిన ఆమె కూతురే.

పోయిన నెల మా ఆఫీసుకి ఒకామె వచ్చింది. కట్టంగూర్ దగ్గర రోడ్డు పక్కన నడుస్తుంటే బైకు గుద్దింది. కుడి మణికట్టు నుజ్జయింది. కేస్‌షీటులో 'నడుస్తూ పడిపోయింది' అని ఉంది. 108 రికార్డు తెప్పించాం. అందులో బైకు గుద్దినట్టుంది, నెంబరులో చివరి నాలుగంకెలూ ఉన్నాయి. పోలీసులు బండిని పట్టుకున్నారు. ఆరు నెలల గడువులో ఇంకా పదకొండు రోజులున్నాయి.

"ఏం పని చేస్తవమ్మా?" అని అడిగాను. "ఏం పని లేదు సార్, ఇంట్లనే ఉంట" అంది. సీనియర్ గారిలాగ, "పొద్దున లేచినప్పటినుంచి చూపించు" అన్నాను. మా జూనియర్ అమ్మాయి రాసుకుంది. నీళ్లు పట్టడం, ఆరు బిందెలు. వాకిలి ఊడ్చి చల్లడం. రెండు బర్రెలు పితకడం. అన్నం, కూర, పిల్లల డబ్బాలు. మంచంలో ఉన్న అత్తమ్మను లేపి స్నానం చేయించడం. పచ్చిగడ్డి కోసుకు రావడం. బట్టలు పిండడం. సాయంత్రం మళ్లీ బర్రెలు. ఒక్కొక్కటి చెప్తూ ఆమె ఎడమచేత్తో కుడిచెయ్యి పైకెత్తి ఆ పని చేసి చూపించబోయింది, ఒక్కటీ పూర్తి కాలేదు. ఆ జాబితా ఉన్నదున్నట్టు పిటిషన్‌లో ఏడో పేరాగా వేశాం. బుధవారం దాఖలు చేస్తున్నాం.